ఉత్తుత్తి మాత్ర ఎవరిది

మెక్సికో నగరం,
జనవరి 8, 2008

తమ్ముడు సిల్వెస్ట్రెకి,

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, క్షేమంగా ఉంటే ఇక్కడికెందుకు వస్తాను. చేరాను. ఆసుపత్రి పక్కన సిస్టర్లు నడిపే సత్రంలో మంచం దొరికింది. రెండో దుప్పటి అడిగితే మదర్ చూసిన చూపుకే చలి వదిలింది. ఫోను ఆవిడ గదిలోనే ఉంది. అందులో మాట్లాడితే నా గర్భాశయం సంగతి వరండా అంతా వింటుంది. అందుకే ఉత్తరాలు. మన బస్సు డ్రైవరు దోన్ ఫిదెన్సియో తెచ్చి నీ మందుల షాపులో ఇస్తాడు. విప్పి చదువుతాడన్న భయం లేదు, కళ్ళజోడు లేకపోతే అతనికి రోడ్డే సరిగ్గా కనబడదు.

సోమవారం నుంచి కరెంటు పెడతారు, ఐదు వారాలు. వారానికోసారి కీమో సెలైను. ఇవి అందరికీ ఉండేవే. వీటితోపాటు నన్నొక పరిశోధనలో చేర్చుకున్నారు. డాక్టరమ్మ ఇబార్రా అడిగింది, సంతకం పెట్టాను. రెండు రకాల మాత్రలిచ్చారు. చిన్నది బి.పి.ది, పేరు హైడ్రలజీన్. పెద్దది మూర్ఛకి వాడేది, వాల్‌ప్రోయేట్.

నా గదిలో ఇంకొకావిడ ఉంది. పేరు తొమాసా. నాలాంటి జబ్బే, అదే పరిశోధన, అవే మాత్రలు. వెరాక్రూస్ తీరంలో చేపలమ్ముకునే మనిషి. ఆ నోరు వింటే సిస్టర్లు చెవులు మూసుకుని శిలువ గీసుకుంటారు. మొన్న రాజుల పండగకి రొట్టె కోశారు. నలభై మంది ఉండగా లోపల దాచిన బాల ఏసు బొమ్మలు రెండూ మా ఇద్దరి ముక్కల్లోనే వచ్చాయి. ఇంకేముంది, బొమ్మ వచ్చినవాళ్ళే కనుక ఫిబ్రవరి రెండున అందరికీ మొక్కజొన్న పిండి తమాలెలు వండి పెట్టాల్సింది మేమే. ఒకే బిడ్డకి ఇద్దరం జ్ఞానతల్లులమయ్యాం కనుక ఆవిడ నాకు వదిన, ఆవిడకి నేను వదిన. నేను కోరుకున్న చుట్టరికం కాదు.

మార్చి పంతొమ్మిది సెయింట్ జోసెఫ్ పండగ నాటికి నేనక్కడ ఉంటాను. ఈలోగా చెలోని నేను నూరే పండగ పులుసు, మోలె జోలికి పోనివ్వకు. నీ పెళ్ళాం మంచిదే, కానీ నువ్వులు మాడ్చేస్తుంది. ఊళ్ళో నా గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పు, ఉన్నది మాత్రం చెప్పకు.

నీ అక్క,
ఒబ్దూలియా

---

శాన్ హోసే తెపల్కాతెస్,
జనవరి 13

అక్కా,

ఈ ఉత్తరం అందగానే మాత్రలు మింగడం ఆపెయ్. నీ ఫైలు ఎవరిదాంతోనో మారిపోయింది.

ఇరవైరెండేళ్ళుగా ఈ కౌంటరు వెనక నిలబడుతున్నాను. హైడ్రలజీన్ అమ్ముతాను, వాల్‌ప్రోయేట్ అమ్ముతాను. మొదటిది బి.పి. ఉన్న ముసలాళ్ళకి. రెండోది మూర్ఛ ఉన్నవాళ్ళకి, బ్రెడ్డు షాపు వాళ్ళబ్బాయికి నేనే ఇస్తాను. నీకు బి.పి. లేదు, ఎదుటివాళ్ళకి తెప్పించడమే తెలుసు. మూర్ఛ లేదు. ఆ ఆసుపత్రిలో ఎక్కడో బి.పి., మూర్ఛ రెండూ ఉన్న పాపం ఒకావిడ, నీ క్యాన్సరు మందులు మింగుతూ కూర్చుని ఉంటుంది. ఆవిడనీ వెతికి చెప్పు.

క్యాన్సరుకి ఇంత పాత మందులిస్తారని నేనెక్కడా వినలేదు. ఊరంతా నన్ను డాక్టర్ అనే పిలుస్తారని నీకూ తెలుసు. కరెంటూ కీమో పెట్టించుకో, వద్దనను. ఆ మాత్రలు మాత్రం వద్దు.

ఊళ్ళో నీకు పిత్తాశయంలో రాళ్ళని చెప్పాను. బాగానే నమ్మారు. మరీ బాగా నమ్మారు. దోన్యా కాందె కషాయం ఆకులు పంపింది. ఆపరేషనయ్యాక రాళ్ళు సీసాలో వేసి తెమ్మంది, తన రాళ్ళ పక్కన పెట్టి చూసుకుంటుందట. మొత్తం ఎన్నని అడిగితే పదకొండు అనేశాను. తక్కువైతే నీకు చిన్నతనంగా ఉంటుందని.

నీ తమ్ముడు,
సిల్వెస్ట్రె

---

మెక్సికో నగరం,
జనవరి 18

ఊరందరి డాక్టరుగారికి,

నీ ఉత్తరం తీసుకెళ్ళి డాక్టరమ్మకే చూపించాను. చదివి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. తరవాత కూర్చోబెట్టి చెప్పింది. నాకర్థమైనంత నీకు రాస్తున్నాను.

ఒంట్లో ప్రతి కణానికీ ఒక వంటల పుస్తకం ఉంటుందట. గడ్డ ఆ పుస్తకాన్ని చింపదు, కొన్ని పేజీలకి జిగురు రాసి అంటించేస్తుంది. ‘నువ్వు పాడైపోతే చచ్చిపో’ అని రాసున్న పేజీ కూడా అందులోదే. ఆ పేజీ మూసుకుపోయిన కణం మీద ఎంత కరెంటు పెట్టినా, ఎంత కీమో ఎక్కించినా మొండికేసి కూర్చుంటుంది. ఈ పాత మాత్రలు రెండింటికీ ఆ జిగురుని కరిగించే గుణముందని తరవాత కనిపెట్టారట. పేజీలు విడితే, మిగతా పని కరెంటూ కీమో చూసుకుంటాయని వీళ్ళ ఆశ.

“నేను పుస్తకం చూసి వండే మనిషిని కాదు” అన్నాను. “ఎండుమిరపకాయలు అలాగే సన్నికల్లు మీద వేస్తే చేతులు పోతాయి గానీ నలగవు. ముందు వేణ్ణీళ్ళలో నానబెట్టాలి. మీ మాత్రలు నానబెడతాయి, మీ కరెంటు నూరుతుంది. అంతేనా?”

డాక్టరమ్మ అది కాగితం మీద రాసుకుంది. మీ పుస్తకాల్లో వేస్తే నా పేరు కూడా వెయ్యమన్నాను.

ఇంకో సంగతి. మందు ఒంట్లో ఎంత వేగంగా ఖర్చవుతుందో చూడటానికి రక్తం తీశారు. తొమాసా ఒంట్లో చప్పున అయిపోతుందట, ఆవిడకి ఎక్కువ మోతాదు. నా ఒంట్లో నిదానంగా అవుతుందట, నాకు తక్కువ మోతాదు. పండగకి మూడొందల మందికి ఒంటిచేత్తో వండేదాన్ని, నన్ను నిదానమంటారా అని గొడవపెట్టుకున్నాను. తొమాసా ఆ రోజు నుంచీ నేను మంచం దిగిన ప్రతిసారీ “దారివ్వండి, నత్త వస్తోంది” అంటోంది.

అన్నిటికన్నా చిత్రం చివర్న రాస్తున్నాను. మాలో సగం మందికే అసలు మాత్రలు. మిగతా సగానికి ఉత్తుత్తివి, చూపులో ఒకటే, లోపల ఏమీ ఉండదు. ఎవరివి ఏవో మాకు తెలియదు, నర్సుకి తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. చీటీలు తీసి కవర్లలో పెట్టి సీలు వేసేశారట. అందరికీ అసలువే ఇస్తే అవి పనిచేశాయో లేదో తేలేదెలా అంది. నిజమే. కానీ నా వంతుకి ఏది పడిందో నాకు తెలియకపోవడమేంటని తెల్లార్లూ అదే ఆలోచన.

కాందెకి పదకొండు రాళ్ళెందుకు చెప్పావురా? ఇప్పుడు ఎక్కణ్ణుంచి తేను?

ఒబ్దూలియా

---

శాన్ హోసే తెపల్కాతెస్,
జనవరి 22

అక్కా,

ఉత్తుత్తి మాత్రలా? ఇదేం అన్యాయం. సంత రోజున నేను చెల్లని మందు అమ్మితే నన్ను చెట్టుకి కట్టేస్తారు, వాళ్ళకైతే పరిశోధనట.

మిరపకాయల సంగతి అర్థమైంది. ఒప్పుకుంటున్నాను, ఫైలు మారలేదు. మారిందని రాసినప్పుడు నేను కొంచెం తొందరపడ్డాను. ఇప్పుడు తొందరపడటం లేదు, కాబట్టి చెప్పింది విను. నీ చిన్నమాత్ర ఒకటి పంపు. పోల్చి చూడటానికి ఆ చేపలావిడది ఒకటి పంపు. విడివిడిగా పొట్లం కట్టి, పైన పేర్లు రాయి. అసలుదేదో ఉత్తుత్తిదేదో ఒక్క పూటలో తేల్చేస్తాను. నాలుక మీద పెట్టుకుని మందు పేరు చెప్పగలను నేను.

నీకు ఉత్తుత్తిదని తేలితే ఊరుకోను. నా దగ్గర రెండు మందులూ డబ్బాలకి డబ్బాలున్నాయి. దోన్ ఫిదెన్సియో చేతికిచ్చి పంపిస్తాను, నువ్వు దర్జాగా మింగు.

చెలో నువ్వుల సంగతి చదివింది. నేను చదవనివ్వలేదు, తనే తీసింది. రెండు రోజులుగా నా బీన్స్‌లో ఉప్పు లేదు.

సిల్వెస్ట్రె

---

మెక్సికో నగరం,
జనవరి 27

ఒరేయ్ సిల్వెస్ట్రె,

ఇందులో రెండు పొట్లాలున్నాయి. తెల్లకాగితంలోది నాది. వార్తాపత్రిక ముక్కలోది తొమాసాది. ఆవిడ స్నానానికెళ్ళినప్పుడు సీసాలోంచి తీశాను. దొంగతనమే, పశ్చాత్తాపపడి ఒప్పుకోలు కూడా చెప్పేశాను. ఏం దొంగిలించావని ఫాదర్ అడిగితే మాత్ర అన్నాను. ఏ మాత్రంటే, ఉందో లేదో తెలియని మాత్రన్నాను. ఆయన అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.

నీ డబ్బాలేవీ పంపకు. నా మోతాదు నీకు తెలియదు, నా రక్తం నువ్వు చూడలేదు. తేల్చి చెప్పు, అంతవరకే.

రెండు కీమోలయ్యాయి. వాంతులు. నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి. మోలె రుచి చూసే నాలుక ఇలా అయిపోయిందేమిటని నిన్న ఏడుపొచ్చింది. తొమాసా పక్కన కూర్చుని వీపు రాస్తూ బూతులు తిట్టింది, నన్ను కాదు, చెంచాని. బతకాలని ఉందిరా. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీకు రాస్తున్నాను. యాభైనాలుగేళ్ళకే ముగించేంత తీరిక నాకు లేదు.

అక్క

---

శాన్ హోసే తెపల్కాతెస్,
జనవరి 31

అక్కా, శుభవార్త. నీది అసలు మాత్ర.

పరీక్ష ఎలా చేశానో చెబుతాను. నాలుక మీద పెట్టుకుంటే పైన తియ్యటి పూత తప్ప ఏమీ తెలియలేదు, రెండూ అంతే. దాంతో మింగక తప్పలేదు. శాస్త్రీయంగా ఉండాలని పొద్దున్న ఏమీ తినలేదు. తొమ్మిదింటికి నీది మింగాను. గంటకోసారి బి.పి. చూసుకున్నాను. పదకొండు వరకూ ఏమీ లేదు. పదకొండింటికి తొమాసాది మింగాను. పదకొండున్నరకి దోన్యా కాందెకి దగ్గుమందు ఇస్తూ ఇస్తూ డైపర్ల పెట్టెల మీద పడిపోయాను. లేచేసరికి ఆవిడ నా మొహాన దగ్గుమందే చల్లుతోంది.

చెలో ఏమంటుందో తెలుసా? “రెండోది మింగాకే కదా పడ్డావు, అయితే రెండోదే అసలుది” అంటుంది. మందుల సంగతి తెలియనివాళ్ళు అలాగే అనుకుంటారు. ఇవి నెమ్మదిగా కరిగే రకం అక్కా. పనిచెయ్యడానికి రెండున్నర గంటలు పడుతుంది. తొమ్మిదికి రెండున్నర కలిపి చూడు, సరిగ్గా పదకొండున్నర. నన్ను పడేసింది నీ మాత్రే. పాపం ఆ చేపలావిడది ఉత్తుత్తిది. ఆవిడకి చెప్పకు.

ఇవాళ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. నాకు ఎంత తేలిగ్గా ఉందో రాయలేను.

నీ తమ్ముడు

---

మెక్సికో నగరం,
ఫిబ్రవరి 4

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఒక గంట సంతోషపడ్డాను. అంతకన్నా ఎక్కువసేపు పడలేకపోయాను.

రెండో తారీఖున తమాలెలు పెట్టాం. మొక్కజొన్న పొట్టులో చుట్టాలని నేను, అరిటాకులో చుట్టాలని ఆవిడ, పొద్దుటి నుంచీ సత్రం వంటింట్లో యుద్ధం. చివరికి సగం అలా, సగం ఇలా. ఆవిడవే ముందు అయిపోయాయి. అందరికీ నోరు పాడైపోయి ఉంది, అందుకే. పొయ్యి ముందు చెమటలు కక్కుతూ అంత పిండీ పిసికింది, తనొక్కటి తినలేదు. వాంతి వస్తుందని. ఆవిడని చూస్తూ కూర్చున్నాను. ఈ మనిషి రోజూ టైము తప్పకుండా, శిలువ గీసుకుని మరీ ఉత్తుత్తి మాత్ర మింగుతోంది. నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. సగం తిన్న తమాలె పక్కన పెట్టేశాను.

ఆ రాత్రే అన్నాను. “వదినా, మన సీసాలు రెండూ ఒకదాంట్లో పోసేద్దాం. కళ్ళు మూసుకుని తీసుకుందాం. ఎవరిది అసలుదైనా ఇద్దరికీ సగం సగం అందుతుంది.”

“ఏమిటి, ఇవాళ నత్తకి దయ పుట్టింది?”

“ఒకే బిడ్డకి తల్లులం. నీకు లేనిది నేనొక్కదాన్నే ఎలా మింగను.”

ఆవిడ అనుమానంగా చూసింది. చేపల బేరంలో మోసపోయిన రోజులు గుర్తొచ్చాయేమో. తరవాత తన సీసా మూత తీసింది. బిస్కట్ల డబ్బాలో అన్నీ కలిపేశాం. చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క. నువ్వు తిడతావని తెలుసు. తిట్టు. ఎవరికీ చెప్పకు.

ఒబ్దూలియా

---

శాన్ హోసే తెపల్కాతెస్,
ఫిబ్రవరి 9

ఒబ్దూలియా,

అక్కా అని రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు. దేవుడు నీ చేతిలో అసలు మందు పెడితే బిస్కట్ల డబ్బాలో పోసి పంచిపెడతావా? నువ్వు పండగకి మోలె పెట్టినట్టు మందు పెట్టకూడదు. సగం మందు సగం జబ్బుని తగ్గించదు. ఇద్దరికీ చాలకుండా పోతుంది.

ఆవిడకి పిల్లలున్నారా, ఎంతమంది, మంచిదా, నాకనవసరం. నాకు అక్కవి నువ్వొక్కదానివే. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నువ్వు పెంచిన బతుకిది. ఆ డబ్బాలోంచి నీ మాత్రలు నువ్వు వెనక్కి తీసుకో. ఏవి నీవో గుర్తుపట్టలేకపోతే డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుని కొత్త సీసా అడుగు. సీసా పోయిందని చెప్పు.

మోలె కమిటీ వాళ్ళు వచ్చారు. నువ్వు రాకపోతే ఎవరు నూరాలని అడిగారు. వస్తుందని చెప్పి పంపేశాను, గట్టిగా చెప్పాను. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు షట్టరు దించుకుని కూర్చున్నాను.

సిల్వెస్ట్రె

---

మెక్సికో నగరం,
ఫిబ్రవరి 17

సిల్వెస్ట్రె,

కూర్చుని చదువు. డైపర్ల పెట్టెలు పక్కనే ఉంటే ఇంకా మంచిది.

డబ్బా కలిపినప్పటి నుంచీ రోజు విడిచి రోజు నాకు తల తిరుగుతోంది. ఒకరోజు బాగానే ఉంటాను, మర్నాడు లేస్తే గోడలు కదులుతాయి. కీమో వల్ల అనుకున్నాను. బుధవారం కరెంటు గది ముందు లైన్లో నిలబడి, ముందున్నావిడ మీద పడిపోయాను. బి.పి. చూస్తే డెబ్బై మీద నలభై. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. “మీకిచ్చింది తక్కువ మోతాదు, ఇంతలా పడిపోకూడదే” అని సీసా అడిగింది. సీసా ఎక్కడిది? తొమాసా వెళ్ళి బిస్కట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మకి అంత కోపం వస్తుందని నేననుకోలేదు. చిన్నపిల్ల, పాతికేళ్ళ పైచిలుకు ఉంటాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చచ్చిపోయి ఉండేవారు తెలుసా? ఆవిడ మోతాదు మీకు రెట్టింపు కన్నా ఎక్కువ” అంది. నాకు ప్రాణం మీదికొచ్చింది కనుక నా ఒక్కదాని కవరు విప్పొచ్చట. ఫోను చేసి, పై డాక్టరుని పిలిచి, సీలు విప్పారు.

నాది ఉత్తుత్తిది.

మొదటి రోజు నుంచీ ఉత్తుత్తిదే. నన్ను పడేసిందంతా తొమాసా మందు. ఆవిడ కవరు విప్పలేదు, విప్పకూడదట. కానీ విప్పాల్సిన పనేముంది. “నేను చేపలమ్ముకుని బతుకుతాను, ఈమాత్రం లెక్క రాదనుకున్నారా” అందావిడ. తరవాత నా వైపు తిరిగి, “నా మందు తిన్నావు, నా తమాలెలు తిన్నావు. చెప్పులొక్కటే మిగిలాయి, అవీ వేసుకో” అని, గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ నోరు మూతపడితే గది ఎంత పెద్దదైపోయిందో.

మూడో రోజు ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. మాత్ర దొంగిలించడం, నువ్వు మింగి పడిపోవడం, నాది అసలుదని రాయడం, ఆవిడది ఉత్తుత్తిదని నేను జాలిపడి డబ్బా కలపడం, అంతా. వింటూ వింటూ ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మంచం ఊగేలా నవ్వి, నర్సు వచ్చాక కళ్ళు తుడుచుకుంది.

“అయితే నాకు దానం చేస్తున్నాననుకున్నావన్నమాట.”

“అనుకున్నాను.”

“విను వదినా. నాది అసలుదని ముందే తెలిసుంటే నీకు చిన్న ముక్క కూడా పెట్టేదాన్ని కాదు. నాకు ముగ్గురు పిల్లలు. నువ్వేమో నీదే అసలుదనుకుని సగం ఇచ్చావు. అందుకే నీ మీద కోపం నిలవట్లేదు. అదే నా కోపం.”

ఇప్పుడు ఆవిడ నర్సు ఎదుట నోరు తెరిచి చూపించి మరీ తన మాత్ర మింగుతోంది. నాకు కరెంటూ కీమో ఉన్నాయి, మాత్రలు లేవు. పన్నెండు రోజులు ఆవిడ మందులో సగం నా కడుపులోకి వెళ్ళింది. ఆ పన్నెండు రోజులే కీలకమైనవేమో, ఎవరికి తెలుసు. నువ్వు దగ్గరుంటే నీ చెవి మెలేసేదాన్ని.

ఒబ్దూలియా

---

శాన్ హోసే తెపల్కాతెస్,
ఫిబ్రవరి 21

అక్కా,

చెలో చెప్పిందే నిజమైంది. రోజుకి రెండుసార్లు గుర్తుచేస్తోంది. షాపుకొచ్చినవాళ్ళు మందు గురించి అడిగితే “ఆయన్ని కాదు, నన్నడగండి” అంటోంది.

నేనొకటి రాయాలి. ఆ రెండున్నర గంటల లెక్క నాకెక్కడిదో తెలుసా? నేనే కల్పించుకున్నాను. డైపర్ల మీంచి లేవగానే నా మనసులో మొదట వచ్చింది, రెండోది కాబట్టి తొమాసాది అని. అది రాయలేకపోయాను. నీకు మందు లేదని నా చేత్తో నేను రాయలేక, నీది అసలుదయ్యేదాకా అంకెలు కూడుతూ పోయాను. అదీ నా శాస్త్రం. భయం వేసిందక్కా. నీకేమైనా అయితే నాకు ఎవరూ లేరు. చెలో ఉంది, పిల్లలున్నారు, అయినా ఎవరూ లేరు.

ఇంకో తప్పు కూడా చేశాను. నిన్న దోన్యా కాందె మళ్ళీ రాళ్ళ గురించి అడిగింది. నాకు విసుగొచ్చి, షాపునిండా జనం ఉండగా, “రాళ్ళూ లేవు, పిత్తాశయమూ లేదు. మా అక్కకి గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్” అనేశాను. కాందె తన దగ్గుమందు తీసుకుని వెళ్ళిపోయింది. నువ్వు నన్ను చంపేస్తావనుకున్నాను. సాయంత్రం వెనకతలుపు దగ్గరికి ముగ్గురు ఆడవాళ్ళు వేర్వేరుగా వచ్చారు, ఆ జబ్బుకి పరీక్ష ఎక్కడ చేస్తారని. మూడో మనిషి కాందె. పదిహేనేళ్ళుగా చేయించుకోలేదట. ముగ్గురినీ నర్సు దగ్గరికి చెలో తీసుకెళ్తోంది, గురువారం.

నీ తమ్ముడు,
ఇక మీదట డాక్టర్ కాని సిల్వెస్ట్రె

---

మెక్సికో నగరం,
మార్చి 13

తమ్ముడూ,

బయటి కరెంటూ, ఆ తరవాత లోపల పెట్టే కరెంటూ అయిపోయాయి, ఇవాళ చివరి పరీక్ష. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నేను పైకప్పు మీది పగుళ్ళు లెక్కపెడుతున్నాను. “ఏమీ తగలట్లేదు” అంది. “ఏమీ అంటే?” అన్నాను. “గడ్డ లేదు దోన్యా ఒబ్దూలియా. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, కానీ ఇవాళ్టికి లేదు.” ఆ పిల్లని పట్టుకుని ఏడ్చేశాను, కాళ్ళు ఇంకా ఆ పరీక్ష బల్ల కొక్కేలలో ఉండగానే.

తరవాత తొమాసా లోపలికెళ్ళింది. నేను తలుపు బయట నిలబడ్డాను. నాకు పట్టినదానికి రెట్టింపు సేపు పట్టింది.

ఆవిడకి ఇంకా కొంచెం మిగిలింది. చిక్కుడుగింజంత. లోపల పెట్టే కరెంటు ఇంకో మూడుసార్లు పెడతారు, రెండు వారాలు ఉండాలి. పోతుందనే అంటున్నారు.

డాక్టరమ్మని వరండాలో పట్టుకున్నాను. “నేను తిన్న సగం వల్లే మిగిలిందా? నిజం చెప్పండి.”

“తెలియదు” అంది.

“మందు లేని నాకు పోయింది, మందున్న ఆవిడకి మిగిలింది. అదెలా?”

“అదీ తెలియదు. ఆవిడది మొదట్నుంచీ మీదానికన్నా పెద్దది. ఈ మందు నిజంగా కలిసొస్తుందో లేదో తెలియడానికి నాకు వందలమంది కావాలి. మీరిద్దరూ సరిపోరు.” వెళ్ళబోతూ ఆగి, “మీలాంటివాళ్ళు ఇద్దరు చాలు గానీ” అంది.

ఆ జవాబుతో నాకు శిక్షా పడలేదు, శిక్ష తప్పనూ లేదు. జీవితాంతం ఇలాగే మోస్తాననుకుంటాను. మోస్తాను.

దోన్ ఫిదెన్సియో సాయంత్రం బస్సులో నాకు సీటు ఉంచాడు. దాంట్లో ఈ ఉత్తరం వస్తోంది, నేను రావట్లేదు. పండగకి మోలె చెలోని నూరమను. నువ్వులు మాడినా తినండి. ఏం చెయ్యాలో ఇకనుంచి రాయను, దానికే తెలుసు. నీకన్నా దానికే తెలుసని తేలింది కదా.

తొమాసా గొడవ చేస్తోంది. “పో, నీ ఊరికి పో. జబ్బు తగ్గినవాళ్ళు ఇక్కడుంటే దరిద్రం. మూడొందల మంది ఆకలితో చూస్తుంటారు, నేనేం చిన్నపిల్లనా?” అంటోంది. నేను కుర్చీ లాక్కుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

“వదినా, అప్పుడు నీకు నేనిచ్చింది ఉత్తుత్తిది. ఇదొక్కటైనా అసలుది ఇవ్వనీ” అన్నాను.

ఆవిడ గోడ వైపు తిరిగింది. అటు తిరిగే, “అయితే నోరు మూసుకుని కూర్చో” అంది.

కూర్చున్నాను.

నీ అక్క,
ఒబ్దూలియా